సొంత మ్యాప్ టైల్ సర్వర్: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో చిన్న సంస్థలు నడుపుతున్నవారు, బెళ్ళందూరు, మారతహళ్ళి వైపు ఉద్యోగాలు చేస్తూ సెలవు రోజుల్లో సొంత ప్రాజెక్టులు కట్టుకుంటున్నవారు నన్ను అడుగుతూ వచ్చిన సందేహాలు ఇవి. అడిగేవారు మారుతున్నా ప్రశ్నలు మారడం లేదు కనుక, ప్రతిసారీ కొత్తగా చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

టైల్ అంటే అసలు ఏమిటి? మ్యాప్ మొత్తం ఒకే బొమ్మ కాదా?

కాదు. తెరమీద ఒకే పటంలా కనిపించేది నిజానికి చిన్న చదరాల కూర్పు. ఒక్కో చదరం ఒక టైల్, సాధారణంగా 256 పిక్సెళ్ళ వెడల్పు, అంతే ఎత్తు. జూమ్ 0 దగ్గర ప్రపంచమంతా ఒక్క టైల్‌లో ఇమిడిపోతుంది. అక్కడి నుంచి జూమ్ ఒక్కో మెట్టు పెరిగినప్పుడల్లా ప్రతి టైల్ నాలుగుగా చీలుతుంది. అలా జూమ్ 10కి 10,48,576 టైల్స్, జూమ్ 18కి సుమారు 6,872 కోట్ల టైల్స్ అవుతాయి. ప్రతి టైల్‌కూ మూడు అంకెల చిరునామా ఉంటుంది: ఎన్నో జూమ్, పడమర నుంచి ఎన్నో గడి, ఉత్తరం నుంచి ఎన్నో గడి. బెంగళూరు మెజెస్టిక్ ప్రాంతం 10/732/474 అనే టైల్‌లో పడుతుంది. ఈ మూడు అంకెలు చెప్పి అడిగినవారికి ఆ చదరాన్ని అందించడమే టైల్ సర్వర్ పని. ఊరి పేరు టైపు చేస్తే వెతికిపెట్టడానికి నామినేటిమ్ వంటిది, ఒకచోటి నుంచి మరోచోటికి దారి చూపడానికి ఓఎస్ఆర్ఎమ్ వంటిది విడిగా కావాలి. టైల్ సర్వర్ పెట్టగానే ఈ రెండూ వచ్చేస్తాయనుకుని నిరాశపడినవారిని చాలామందిని చూశాను.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టైల్స్ ఉచితమే కదా, మళ్ళీ సొంతవి ఎందుకు?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే కార్యకర్తలు కలిసి తయారుచేసే ప్రపంచ పటం. అందులో ఉచితమైనది డేటా. 2004లో మొదలైన ఆ ప్రాజెక్టు డేటాను ఎవరైనా దించుకుని, షరతులకు లోబడి, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. దాని టైల్ సర్వర్లు మాత్రం విరాళాలతో నడిచేవి, ప్రధానంగా పటాన్ని దిద్దే కార్యకర్తల కోసం ఉద్దేశించినవి. వాటి వాడుక నియమాలు టైల్స్‌ను మూకుమ్మడిగా దించుకోవడాన్ని నిషేధిస్తాయి; యాప్ తన పేరును యూజర్ ఏజెంట్‌లో (ప్రతి అభ్యర్థనతో పాటు వెళ్ళే గుర్తింపు వరుసలో) స్పష్టంగా చెప్పుకోవాలంటాయి; భారీగా వాడేవారిని ముందు చెప్పకుండానే ఆపే హక్కును అట్టిపెట్టుకుంటాయి. కాబట్టి వాటి మీద ఆధారపడి డెలివరీ యాప్ నడపడం నియమం రీత్యానూ తగదు, వ్యాపారం రీత్యానూ తగదు.

మాకు నిజంగా సొంత సర్వర్ అవసరమా?

సూటిగా చెప్పాలంటే, అడిగేవారిలో ఎక్కువ మందికి అవసరం లేదు. మీ వెబ్‌సైట్‌లో దుకాణం ఎక్కడుందో చూపించే ఒక పేజీ మాత్రమే ఉంటే, ఉచిత కోటా ఇచ్చే టైల్ సేవల్లో ఏదో ఒకటి సరిపోతుంది. సొంతది పెట్టుకోవడానికి నేను ఒప్పుకునే కారణాలు నాలుగే: నెలవారీ బిల్లు వాడుకతోపాటు పెరిగిపోతూ ఉండటం, వాడుకదారులు ఎక్కడ చూస్తున్నారన్న సమాచారం బయటి సంస్థకు చేరకూడదనుకోవడం, ఇంటర్నెట్ లేని చోట మ్యాప్ పనిచేయవలసి రావడం, పేర్లు తెలుగులోనో రంగులు మీ ఇష్టప్రకారమో కావాలనుకోవడం. ఈ నాలుగింటిలో ఒక్కటీ లేకపోతే సర్వర్ పెట్టడం సరదాకే. సరదాకు పెట్టుకున్నా తప్పులేదు, కాని అది సరదా అని తెలిసి పెట్టుకోవాలి.

రాస్టర్ టైల్స్ మేలా, వెక్టర్ టైల్స్ మేలా?

రాస్టర్ టైల్ అంటే సర్వర్ గీసి పంపే బొమ్మ. వెక్టర్ టైల్ అంటే రోడ్ల గీతలు, చెరువుల హద్దులు, పేర్లు గల ముడి సమాచారం. దాన్ని బొమ్మగా గీసేది చూసేవారి ఫోను. వెక్టర్‌లో సర్వర్ మీద భారం దాదాపు ఉండదు, రంగులు మార్చడానికి ఏదీ మళ్ళీ గీయనక్కరలేదు, జూమ్ 14 వరకు తయారుచేస్తే ఆపై జూమ్‌లను ఫోనే సాగదీసి చూపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను వెక్టరే చెబుతాను. పేర్లు తెలుగులో తప్పకుండా రావాలన్నప్పుడు, లేదా పాత పరికరాల్లో, ముద్రణలో వాడవలసినప్పుడు మాత్రం రాస్టర్‌కు ఇప్పటికీ విలువ ఉంది.

## యంత్రం, దాన్ని ఉంచే చోటు

ఎంత పెద్ద సర్వర్ అద్దెకు తీసుకోవాలి?

ఎంత భూభాగం చూపిస్తారన్నదాన్ని బట్టి. దక్షిణ భారతం వరకే రాస్టర్ సర్వర్ పెట్టినప్పుడు నాలుగు కోర్లు, 16 జీబీ మెమరీ, 100 జీబీ ఎస్ఎస్‌డీతో నాకు ఇబ్బంది రాలేదు. ప్రపంచమంతా కావాలంటే అది వేరే లెక్క: 64 జీబీకి తగ్గని మెమరీ, ఒక టెరాబైట్‌కు పైబడిన ఎన్‌వీఎమ్ఈ డిస్క్ (వేగవంతమైన ఎస్ఎస్‌డీ) కావాలి. ప్రాసెసర్ కన్నా డిస్క్ వేగమే ఇక్కడ ముఖ్యం. తిరిగే హార్డ్ డిస్క్ మీద డేటాబేస్ పెడితే ఎన్ని కోర్లు ఉన్నా అవి డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. వెక్టర్ టైల్స్‌ను ముందే తయారుచేసి పెట్టుకుంటే, అందించే సర్వర్ చిన్నదైనా చాలు. తయారీ కోసం ఒక పెద్ద యంత్రాన్ని కొన్ని గంటలు అద్దెకు తీసుకుని వదిలేయవచ్చు.

ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టవచ్చా?

నేర్చుకోవడానికి నిక్షేపంగా పెట్టవచ్చు. జనానికి అందించడానికి మాత్రం రెండు అడ్డంకులున్నాయి. ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీని అనేక ఇళ్ళకు పంచుతారు, అందువల్ల బయటివారు మీ యంత్రాన్ని నేరుగా చేరలేరు. అపార్టుమెంటులో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాల్లో యంత్రం ఆగిపోవడం రెండోది. అప్పుడు డేటా ఎక్కుతూ ఉంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. టైల్స్‌ను ఇంట్లో తయారుచేసి, పూర్తయిన ఫైలును బయటి సర్వర్‌కు ఎక్కించడం నాకు నచ్చిన పద్ధతి.

సర్వర్ బెంగళూరులోనే ఉండాలా? జర్మనీలో చవకగా దొరుకుతోంది.

ఒక తెర నిండటానికి పది ఇరవై టైల్స్ అవసరమవుతాయి కనుక, ప్రతి అభ్యర్థన ఐరోపా వెళ్ళి రావడం వల్ల కలిగే ఆలస్యం మ్యాప్‌ను జరిపిన ప్రతిసారీ కంటికి తెలుస్తుంది. బెంగళూరులో డిజిటల్ ఓషన్‌కు, చెన్నైలో అజూర్‌కూ లినోడ్‌కూ, ముంబయిలోనూ హైదరాబాదులోనూ ఏడబ్ల్యూఎస్‌కు కేంద్రాలున్నాయి. మీ వాడుకదారులు దక్షిణాదివారైతే వీటిలో ఏది తీసుకున్నా తేడా స్వల్పమే. టైల్స్ ముందు భారతదేశంలో కేంద్రాలున్న సీడీఎన్‌ను (నకళ్ళను వాడుకదారులకు దగ్గరలో ఉంచి అందించే సేవను) పెట్టుకుంటే, తరచూ అడిగే టైల్స్ వరకు జర్మనీ సర్వర్ కూడా పనికొస్తుంది.

## డేటా, తయారీ

డేటా ఎక్కడ దొరుకుతుంది? కర్ణాటక ఒక్కటే దించుకుంటే చాలదా?

జియోఫాబ్రిక్ అనే జర్మన్ సంస్థ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను దేశాలవారీగా, ప్రాంతాలవారీగా విడగొట్టి రోజూ ఉచితంగా అందిస్తుంది. భారతదేశానికి మొత్తంగా ఒక ఫైలు, దక్షిణ మండలం వంటి విభాగాలకు వేరువేరు ఫైళ్ళు ఉంటాయి. బెంగళూరువారికి దక్షిణ మండలం ఫైలే సరైనది. ఊరు దాటి గంట ప్రయాణిస్తే హోసూరు తమిళనాడులోకి వస్తుంది, మరికాస్త అటు వెళితే హిందూపురం, కుప్పం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. రాష్ట్ర సరిహద్దు దగ్గర కత్తిరిస్తే మీ రోడ్లు అక్కడే గాలిలో ఆగిపోతాయి. ప్రపంచమంతా ఉన్న ఫైలు సుమారు 80 జీబీ. అవసరం లేకుండా దాని జోలికి వెళ్ళవద్దు.

రాస్టర్ సర్వర్‌లో ఏయే భాగాలు ఉంటాయి? అన్నీ నేనే అమర్చుకోవాలా?

వాడుకలో స్థిరపడిన కూర్పు ఇది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దానికి భౌగోళిక జ్ఞానాన్నిచ్చే పోస్ట్‌జీఐఎస్; డేటాను అందులోకి ఎక్కించే ఓఎస్ఎమ్2పీజీఎస్‌క్యూఎల్; బొమ్మ గీసే మ్యాప్‌నిక్; రోడ్డుకు ఏ రంగు, గుడికి ఏ గుర్తు అని చెప్పే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కార్టో స్టైలు; గీయవలసిన టైల్స్‌ను వరుసలో పెట్టే రెండర్‌డీ; అపాచీ వెబ్ సర్వర్‌లో కూర్చుని గీసినది ఉంటే వెంటనే ఇచ్చి, లేకపోతే రెండర్‌డీకి కబురు పంపే మాడ్‌టైల్. ఉబుంటు, డెబియన్‌లలో ఇవి దాదాపు అన్నీ ప్యాకేజీలుగా దొరుకుతాయి. అన్నీ కలిపి ఉన్న డాకర్ ఇమేజ్‌లూ ఉన్నాయి. అయినా మొదటిసారి చేత్తో అమర్చమనే నా సలహా, ఎందుకంటే మ్యాప్ రావడం మానేసిన రోజున ఏ భాగం ఎవరి మీద ఆధారపడి ఉందో తెలియకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు.

డేటా ఎక్కించడం సగంలో ఆగిపోయి "కిల్డ్" అని వచ్చింది. ఏం చేయాలి?

మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే ఆ పనిని చంపేసింది. ఓఎస్ఎమ్2పీజీఎస్‌క్యూఎల్‌కు స్లిమ్ అనే ఐచ్ఛికం ఇస్తే మధ్యంతర సమాచారాన్ని మెమరీలో కాక డేటాబేస్‌లో దాచుకుంటుంది; వేగం తగ్గినా పని పూర్తవుతుంది, పైగా ఆ తర్వాత రోజువారీ మార్పులను కలుపుకోవడానికి కూడా స్లిమ్ తప్పనిసరి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. పెద్ద యంత్రాల కోసం రాసిన సూచనలను చూసి చాలామంది ఫ్లాట్ నోడ్స్ అనే ఐచ్ఛికాన్ని కూడా జోడిస్తారు. ఆ ఫైలు పరిమాణం మీరు ఎక్కించే ప్రాంతాన్ని బట్టి కాక ప్రపంచంలోని నోడ్ (పటంలోని ఒక్కో బిందువు) సంఖ్యల గరిష్ఠ విలువను బట్టి ఉంటుంది కనుక, బెంగళూరు ఒక్కటే ఎక్కించినా సుమారు 100 జీబీ లెక్కకు వస్తుంది. అది ప్రపంచ ఫైలుకు, ఖండాల ఫైళ్ళకు ఉద్దేశించినది. దక్షిణ భారతానికి అక్కరలేదు.

అన్ని టైల్స్ ముందుగానే గీసి పెట్టుకోవాలా?

లెక్క వేసి చూడండి. బెంగళూరు అక్షాంశం దగ్గర జూమ్ 18 టైల్ ఒక్కో వైపు సుమారు 149 మీటర్లు. నగర పాలికె పరిధిగా చాలాకాలం చెప్పుకున్న 741 చదరపు కిలోమీటర్లకు సుమారు 33,400 టైల్స్ సరిపోతాయి, కింది జూమ్‌లన్నీ కలిపినా 45 వేలకు అటూ ఇటుగా ఉంటాయి. పైగా రెండర్‌డీ ఎనిమిదికి ఎనిమిది చొప్పున 64 టైల్స్‌ను ఒకేసారి గీసి ఒకే ఫైలుగా దాస్తుంది. అంటే నగరం మొత్తాన్ని ముందే గీసి ఉంచడం చిన్న పని. అదే జూమ్‌లో దేశమంతా గీయాలంటే 15 కోట్లకు పైగా టైల్స్ కావాలి, వాటిలో అత్యధిక భాగం ఎవరూ ఎన్నడూ చూడని పొలాలు, అడవులు, ఎడారి. అందుచేత దేశానికి జూమ్ 12 వరకు, మీ నగరానికి 18 వరకు ముందే గీసి, మిగిలినది అడిగినప్పుడు గీసేలా వదిలేయడం మంచిది.

పీఎమ్‌టైల్స్ వాడితే సర్వరే అక్కరలేదంటున్నారు, నిజమేనా?

చాలా వరకు నిజం, నా దృష్టిలో గత కొన్నేళ్ళలో ఈ రంగంలో వచ్చిన అత్యంత ఉపయోగకరమైన మార్పు ఇదే. పీఎమ్‌టైల్స్ అనే ఈ ఫైలు పద్ధతిలో టైల్స్ అన్నీ ఒకే ఫైలులో ఒక క్రమంలో సర్ది ఉంటాయి, ఏ టైల్ ఎక్కడుందో చెప్పే సూచిక కూడా అందులోనే ఉంటుంది. బ్రౌజర్ ఆ ఫైలు మొత్తాన్ని దించుకోకుండా, ఇన్నో బైటు నుంచి ఇన్నో బైటు వరకు ఇమ్మని అడిగి తనకు కావలసిన ముక్కను మాత్రమే తీసుకుంటుంది. కనుక అమెజాన్ ఎస్3 వంటి ఆన్‌లైన్ నిల్వలో ఫైలును పడేసి, బ్రౌజర్‌లో వెక్టర్ మ్యాప్ గీసే మ్యాప్‌లిబ్రె లైబ్రరీతో చూపించవచ్చు; డేటాబేస్ లేదు, నడుస్తూ ఉండవలసిన ప్రోగ్రామూ లేదు. దక్షిణ మండలం డేటా నుంచి ప్లానెటిలర్ అనే జావా పరికరంతో మీరే ఫైలును తయారుచేసుకోవచ్చు, లేదా ప్రోటోమ్యాప్స్ అనే ప్రాజెక్టు ప్రచురించే ప్రపంచ ఫైలు నుంచి మీకు కావలసిన చతురస్రం వరకు కత్తిరించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: మీ వెబ్ సర్వర్ ముక్కలుగా అందించడాన్ని తెలిసినదై ఉండాలి, జవాబుగా 206 అనే సంఖ్య రావాలి. పైథాన్‌తో వచ్చే చిన్న పరీక్షా సర్వర్‌కు ఆ విద్య రాదు. దాని మీద పరీక్షించి పీఎమ్‌టైల్స్ పనిచేయదని నిర్ధారించుకున్నవారు ఉన్నారు.

## తెలుగు పేర్లు

ఊళ్ళ పేర్లు, వీధుల పేర్లు తెలుగులో రావాలంటే ఏం చేయాలి?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి స్థలానికీ నేమ్ అనే సాధారణ పేరుతోపాటు భాషలవారీ పేర్లకు విడి గడులుంటాయి. తెలుగుకు కోడ్ టీఈ, కన్నడకు కేఎన్, తమిళానికి టీఏ. స్టైలులో ముందు తెలుగు పేరును, అది లేకపోతే సాధారణ పేరును తీసుకొమ్మని చెప్పాలి: రాస్టర్‌లో అది ఎస్‌క్యూఎల్ ప్రశ్నలో కోలెస్ అనే ఒక్క మాట, మ్యాప్‌లిబ్రెలోనూ అదే పేరు గల సూత్రం. వెక్టర్ టైల్స్ తయారుచేసేటప్పుడు కోరుకున్న భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో చూసుకోవాలి. తయారీలోనే వదిలేసిన పేరు తర్వాత స్టైలులో ఎంత అడిగినా రాదు. పెద్ద ఊళ్ళకు తెలుగు పేర్లు ఉంటాయి, బెంగళూరు గల్లీలకు చాలావరకు ఉండవు. లేనివాటిని యంత్రంతో లిప్యంతరీకరించి నింపడం కన్నా, తెలిసిన పేర్లను మీరే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చడం అందరికీ మేలు.

తెలుగు అక్షరాలు వస్తున్నాయి కాని ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడుతున్నాయి. ఎందుకు?

ఇది వెక్టర్ మ్యాప్‌లలో వచ్చే చిక్కు, తప్పు మీ డేటాది కాదు. మ్యాప్‌లిబ్రె తరహా ఇంజిన్లు అక్షర రూపాలను 256 కోడ్‌ల చొప్పున కట్టలు కట్టిన ఫైళ్ళ నుంచి తెచ్చుకుని, ఒక్కో కోడ్‌కు ఒక్కో బొమ్మ చొప్పున పక్కపక్కన పేరుస్తాయి. ఇంగ్లిషుకు అది చాలు. తెలుగులో "స్త్రీ" అన్న మాటకు ఆరు కోడ్‌లు ఉంటే తెరమీద కనిపించవలసినది ఒక్క అక్షరం. వాటిని కలిపి మలచే పని ఆ పద్ధతిలో జరగదు. ఇదే కుటుంబపు ఇంజిన్‌తో బొమ్మలు గీసే టైల్‌సర్వర్ జీఎల్‌లోనూ ఇదే ఇబ్బంది వస్తుంది. మ్యాప్‌నిక్ మాత్రం మూడో వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో అక్షరాలను మలుస్తుంది కనుక రాస్టర్ టైల్స్‌లో తెలుగు నిండుగా వస్తుంది. నేను ఎక్కువగా వాడే రాజీ మార్గం: రోడ్లు, చెరువులు, భవనాలు వెక్టర్‌లో, తెలుగు పేర్లు మాత్రమే గల పారదర్శకమైన రాస్టర్ పొర దానిపైన. చూపవలసిన పేర్లు పదో ఇరవయ్యో అయితే వాటిని మామూలు హెచ్‌టీఎమ్ఎల్ గుర్తులుగా పెట్టండి, బ్రౌజరే సరిగ్గా చూపిస్తుంది.

తెలుగు పేర్ల స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తున్నాయి.

సర్వర్‌లో తెలుగు ఫాంటు లేదు. నోటో సాన్స్ తెలుగును అమర్చి, స్టైలులోని ఫాంట్ల జాబితాలో దాని పేరు ఉందో లేదో చూసి, రెండర్‌డీని తిరిగి ప్రారంభించి, పాత టైల్స్‌ను చెరిపేయండి. వెక్టర్ మ్యాప్ అయితే 3072 నుంచి 3327 వరకు కోడ్‌లున్న గ్లిఫ్ (అక్షర రూపాల) ఫైలు కావాలి. యూనికోడ్‌లో తెలుగు, కన్నడ పక్కపక్కన ఉండటం వల్ల రెండు లిపులకూ అదే ఫైలు. అందువల్ల తెలుగు ఫాంటుతో మాత్రమే ఆ ఫైలు చేస్తే కన్నడ పేర్లు మాయమవుతాయి. బెంగళూరులో ఇది గమనించకుండా ఉండటం కష్టం.

## నడిపించేటప్పుడు

బెంగళూరు వెతికితే నీలిరంగు సముద్రం మాత్రమే వస్తోంది.

నిలువు వరుస తలకిందులైంది. వెబ్ మ్యాప్‌లు గడులను ఉత్తరం నుంచి లెక్కిస్తాయి, టీఎమ్ఎస్ అనే పాత పద్ధతి దక్షిణం నుంచి లెక్కిస్తుంది. టైల్స్‌ను ఒకే ఫైలులో దాచే మరో పద్ధతి అయిన ఎమ్‌బీటైల్స్ ఫైలు లోపల ఆ దక్షిణం లెక్కనే పాటిస్తుంది. జూమ్ 10లో 474 కావలసిన చోట 1023 నుంచి దాన్ని తీసివేయగా వచ్చే 549 అడిగితే, భూమధ్యరేఖకు అవతల అంతే దూరంలో హిందూ మహాసముద్రం కనిపిస్తుంది. లైబ్రరీలో టీఎమ్ఎస్ అనే ఐచ్ఛికాన్ని మారిస్తే ఊరు తిరిగి వస్తుంది.

వెక్టర్ మ్యాప్ తెల్లగా ఉండిపోయింది, బ్రౌజర్ కన్సోల్‌లో "అన్‌ఇంప్లిమెంటెడ్ టైప్" అని ఉంది.

టైల్స్ జీజిప్‌తో కుదించి ఉన్నాయి, ఆ సంగతి బ్రౌజర్‌కు చెప్పే హెడర్ (జవాబుతో పాటు వెళ్ళే సమాచార వరుస) లేదు. కంటెంట్ ఎన్‌కోడింగ్ హెడర్‌ను ఎన్‌జిన్‌ఎక్స్ వంటి మీ వెబ్ సర్వర్‌లో జతచేయండి. లోపం మాటల్లో "సీఓఆర్ఎస్" కనిపిస్తే మాత్రం మీ వెబ్‌సైట్ డొమైన్‌కు అనుమతినిచ్చే హెడర్ లేదని అర్థం.

పటంలో కొత్త ఫ్లైఓవర్ కనిపించాలంటే డేటాను ఎలా తాజాగా ఉంచాలి?

రాస్టర్ డేటాబేస్‌కైతే ఓఎస్ఎమ్2పీజీఎస్‌క్యూఎల్‌తో వచ్చే రెప్లికేషన్ పరికరం జియోఫాబ్రిక్ రోజువారీ మార్పులను తెచ్చి కలుపుతుంది. మారిన చోట్ల టైల్స్ పాతబడ్డాయని గుర్తుపెట్టే జాబితాను కూడా తీసుకుని రెండర్‌డీకి అందించాలి. ఈ రెండో పని మరచిపోతే డేటాబేస్‌లో ఫ్లైఓవర్ ఉంటుంది, బొమ్మలో ఉండదు. వెక్టర్ ఫైలుకు ఇంత శ్రమ దండగ. వారానికోసారి మొత్తం మళ్ళీ తయారుచేసి, కొత్త ఫైలు తెరుచుకుంటోందని పరీక్షించాక పాతదాని స్థానంలో పెట్టండి.

డిస్క్ నిండిపోయి అంతా ఆగిపోయింది. ఇలా కాకుండా ఏం చేయాలి?

నాకూ జరిగింది. ఒక శనివారం రాత్రి ఎక్కడిదో ఒక బాట్ జూమ్ 20 వరకు టైల్స్‌ను వరుసపెట్టి అడుగుతూ పోయింది. తెల్లవారేసరికి గీసిన టైల్స్‌తో డిస్క్ నిండి, రాసుకునే చోటు లేక పోస్ట్‌గ్రెస్ ఆగిపోయింది. ఆ తర్వాత మూడు మార్పులు చేశాను. టైల్స్‌ను, డేటాబేస్‌ను వేరువేరు డిస్క్ విభాగాల్లో పెట్టాను, ఒకటి నిండినా రెండోది బతుకుతుంది. గరిష్ఠ జూమ్‌ను 18కి పరిమితం చేశాను. ఒక్కో ఐపీకి సెకనుకు ఇన్ని అభ్యర్థనలే అనే హద్దును ఎన్‌జిన్‌ఎక్స్‌లో పెట్టాను. హద్దు పెట్టేటప్పుడు పిసినారితనం వద్దు: మనిషి ఒకసారి మ్యాప్‌ను జరిపితేనే ఇరవై అభ్యర్థనలు వస్తాయి, ఆఫీసుల్లో వందమంది ఒకే ఐపీ వెనుక ఉంటారు.

మా టైల్స్‌ను వేరే వెబ్‌సైట్ వాళ్ళు వాడుకుంటున్నారు.

ఏ వెబ్‌సైట్ నుంచి అడుగుతున్నారో చెప్పే రెఫరర్ హెడర్ చూసి మీ డొమైన్లకే ఇచ్చేలా అమర్చండి. దాన్ని నకిలీ చేయవచ్చు కాని, మామూలు వెబ్‌సైట్లు అంత దూరం వెళ్ళవు.

## లైసెన్సు, చట్టం, ముగింపు

సర్వర్ మాదే కదా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు ఎందుకు వేయాలి?

డేటా వారిది కనుక. 2012 సెప్టెంబరు నుంచి ఆ డేటా ఓడీబీఎల్ (ఓపెన్ డేటాబేస్) లైసెన్సు కింద ఉంది. మ్యాప్ చూపిన ప్రతిచోటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్లకు గుర్తింపునిస్తూ వారి కాపీరైట్ పేజీకి లింకు ఇవ్వాలి. ఓపెన్‌మ్యాప్‌టైల్స్ అనే ప్రాజెక్టు నమూనాలో వెక్టర్ టైల్స్ చేస్తే ఆ పేరు కూడా చేర్చాలి. మూలన చిన్న అక్షరాల్లో ఒక వరుస, అంతే. దాన్ని దాచడానికి కొందరు పడే పాట్లు నాకు ఎప్పటికీ అర్థం కావు.

దేశ సరిహద్దుల విషయంలో ఏమైనా జాగ్రత్త అవసరమా?

తప్పకుండా అవసరం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సరిహద్దులను క్షేత్రంలో ఎవరి అధీనంలో ఏది ఉందన్నదాన్ని బట్టి గీస్తుంది, అందువల్ల జమ్మూ కశ్మీర్, లద్దాఖ్ వైపు అది భారత ప్రభుత్వ పటంతో సరిపోలదు. ప్రభుత్వ పటాల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన పటాలకు భిన్నమైన భారత పటాన్ని ప్రచురించడం, 1990లో సవరించిన 1961 నాటి క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టం ప్రకారం ఆరు నెలల వరకు జైలుకు గాని, జరిమానాకు గాని, రెండింటికీ గాని దారితీయగల నేరం. 2021 ఫిబ్రవరి 15న విడుదలైన భౌగోళిక డేటా మార్గదర్శకాలు పటాల తయారీకి ముందస్తు అనుమతుల బెడదను తొలగించినా, రాజకీయ సరిహద్దులకు సర్వే ఆఫ్ ఇండియా పటమే ప్రమాణమని చెప్పాయి. కాబట్టి స్టైలులో దేశ సరిహద్దు పొరను తీసేసి, సర్వే ఆఫ్ ఇండియా గీతను విడి పొరగా వేయండి. మీ మ్యాప్ బెంగళూరుకే పరిమితమైతే, వాడుకదారు నగరం దాటి వెళ్ళకుండా హద్దు పెట్టి, దేశమంతా కనిపించే చిన్న జూమ్‌లను ఆపేయడం ఇంకా సులువు.

కొన్నాళ్ళకు సర్వర్‌ను మూసేయాలనుకుంటే?

యాప్‌లో టైల్ చిరునామాను నేరుగా రాసి ఉంటే, పాత వెర్షన్ వాడుతున్నవారి ఫోన్లు నెలల తరబడి ఆ చిరునామానే అడుగుతూ ఉంటాయి. అందుకే మొదటి రోజు నుంచే టైల్స్‌ను సొంత సబ్‌డొమైన్ మీద పెట్టి, స్టైలు ఫైలును యాప్‌లో కాక ఆ సబ్‌డొమైన్ నుంచే చదివేలా చేయండి. మూసే రోజున ఆ ఒక్క ఫైలులో చిరునామా మారిస్తే మ్యాప్ వేరే సేవకు మళ్ళుతుంది. డొమైన్‌ను మాత్రం కనీసం మరో ఏడాది వదులుకోకండి, ఎందుకంటే దాన్ని కొనుక్కున్నవారు మీ వాడుకదారుల తెరమీద తమకు నచ్చిన బొమ్మ చూపించగలరు.